పిల్లికూనకో గుంజ

రాజోలులో షామియానాలు, పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే తాతారావు మంచివాడే కానీ, నోరు తెరిస్తే ‘వద్దు’ తప్ప ఇంకో మాట రానివాడు.

పందిరి వేసే మనుషులు గుంజ పాతబోతే, “అక్కడ వద్దు” అనేవాడు. మరెక్కడ పాతాలో చెప్పేవాడు కాదు. వాళ్ళు జరిగి ఇంకోచోట గుంత తవ్వితే, “అక్కడా వద్దు” అనేవాడు. ఆఖరికి తానే వెళ్ళి పలుగు అందుకునేవాడు. భార్య మంగతాయారు పులుసులో ఉప్పు వేయబోతే, “అంత వద్దు” అనేవాడు. తగ్గించి వేస్తే, “మరీ అంత తక్కువా వద్దు” అనేవాడు. ఆవిడ వినపడనట్టు ఊరుకుని తన చేతికి తోచినంత వేసేది. కాపురానికి వచ్చిన కొత్తలో కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆవిడే, పోనుపోను ఆ ఉపాయం నేర్చుకుంది.

తాతారావుకి పనంటే ప్రాణం. ఆయన షామియానా అంటే పెళ్ళివారు విప్పి చూడకుండానే తీసుకువెళ్ళేవారు. మరక ఉండేది కాదు, చిరుగు ఉండేది కాదు. గుండిగలు తోమి తోమి అద్దాల్లా మెరిపించేవాడు. ఎవరు ఏది పాడుచేస్తారోనని ఆయనకి ఎప్పుడూ భయం. ఆ భయమే నోట్లోంచి ‘వద్దు’ అని బయటికి వచ్చేది.

ఆ ఏడు పెళ్ళిళ్ళ రోజులు మొదలయ్యేముందు ఆయన రాజమండ్రి నుంచి మహారాజా సోఫా ఒకటి తెప్పించాడు. దానికి ఎర్ర ముఖమలు కప్పు, చేతులకి బంగారు రంగు వేసిన సింహం తలలు ఉండేవి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ దాని మీద కూర్చుంటే వేదికంతా వెలిగిపోయేది. తాతారావు రోజూ పొద్దున్నే తన కండువాతో ఆ సింహాల మొహాలు తుడిచేవాడు. ఇంట్లోవాళ్ళని దాని మీద కూర్చోనిచ్చేవాడు కాదు. తానూ కూర్చునేవాడు కాదు.

ఆ ఏడే కొడుకు వాసుకి పెళ్ళయింది. కోడలు హైమ అంబాజీపేట పిల్ల. చదువుకున్నది, చలాకీగా ఉండేది. గోడౌను ఇంటికి ఆనుకునే ఉండడంతో, వచ్చిన కొత్తలో రోజుకి పదిసార్లు అక్కడికి వెళ్ళేది. గుండిగల్లో తలపెట్టి కూతవేసి తన గొంతు తానే విని నవ్వుకునేది. ఏదో ఒక పని అందుకోవాలని చూసేది.

గ్లాసులు సర్దబోతే తాతారావు, “అలా వద్దమ్మా” అనేవాడు. ఫోను మోగితే ఎత్తబోయింది. “నువ్వు మాట్లాడవద్దు, ఏదో ఒకటి ఒప్పేసుకుంటావు” అన్నాడు. ఒకనాడు చినుకులు పడుతున్నాయని ఆమె ఆరేసిన పరదాలు గబగబా తీసి లోపల కుప్పపోసింది. తడిసిన ఎర్ర పరదా తెల్లదాని మీద పడి రంగు అంటింది. తాతారావు సాయంత్రం దాకా ఆ మాటే అంటూ తిరిగాడు.

“ఇకమీదట నా గుడ్డల మీద చెయ్యి వేయవద్దు. తెలిసిందా?” అన్నాడు.

“తెలిసిందండి మావయ్యగారూ” అంది హైమ.

ఆ తర్వాత ఆమె గోడౌనులోకి రావడం మానేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది, అంతే. కోడలికి బుద్ధి కుదిరిందనుకున్నాడు తాతారావు.

ఇలా ఉండగా గోడౌనులో ఎలుకలు చేరాయి. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ పరదాలో కన్నం కనిపెట్టి, అందులోంచి వేలు బయటికి పెట్టి ఆడించాడు.

“తాతారావుగారూ! గాలి ఆడడానికి కిటికీలు కూడా పెట్టించారే!” అన్నాడు.

పందిరంతా గొల్లుమంది. తాతారావు ఆ పూట భోజనం చేయకుండానే ఇంటికి వచ్చేశాడు.

ఆ వారమే హైమ పుట్టింటికి వెళ్ళి వస్తూ ఒక బుట్ట తెచ్చింది. బుట్ట మీద కప్పిన తువ్వాలు దానంతట అదే కదిలింది. అందులోంచి లేత గోధుమరంగు పిల్లికూన ఒకటి తల బయటికి పెట్టి, ఇల్లంతా తనదే అన్నట్టు ఒకసారి కలయజూసింది.

“పిల్లా? వద్దు!” అన్నాడు తాతారావు.

“మీరు వద్దన్నవన్నీ మానేస్తే ఈ ఇంట్లో పొయ్యి కూడా వెలగదు” అంది మంగతాయారు. ఆవిడ పిల్లికూనని అరచేతిలోకి తీసుకుంది. “చూడండి, నేతిలో చుట్టిన సున్నుండలా ఎలా ఉందో! ఎలుకల సంగతి ఇది చూసుకుంటుంది. మీరు మీ సంగతి చూసుకోండి.”

అలా దానికి సున్నుండ అనే పేరు వచ్చింది. అది చిన్నదే అయినా, దాని వాసనకే ఎలుకలు తోకలు ముడిచాయి. పరదాలకి కొత్త కన్నాలు పడడం ఆగిపోయింది. తాతారావు పైకి అనలేదు కానీ, రాత్రి భోజనంలో పెరుగన్నం ముద్ద ఒకటి కంచం అంచున మిగల్చడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున్న ఆయన కండువా పట్టుకుని సోఫా దగ్గరికి వెళ్ళి కొయ్యబారిపోయాడు. కుడిపక్క ముఖమలు మీద నిలువుగా గీతలు. గీతల్లోంచి ఎర్ర దారాలు వేలాడుతున్నాయి. సున్నుండ ముందుకాళ్ళు రెండూ పైకి చాచి, ఒళ్ళు విల్లులా వంచి, కళ్ళు సగం మూసుకుని, ఎంతో హాయిగా ఆ ముఖమలుని బరుకుతోంది.

“వద్దు! వద్దు! వద్దు!” అని తాతారావు పెట్టిన కేకకి పక్కింటి కోళ్ళు లేచి ఎగిరాయి.

ఆ రోజు నుంచి ఇద్దరికీ యుద్ధం మొదలైంది. తాతారావు పేపరు చుట్టి నేలకేసి కొట్టేవాడు. సున్నుండ పారిపోయేది. చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన చిలకరించేవాడు. సున్నుండ ఒళ్ళు దులుపుకుని పారిపోయేది. సోఫా చుట్టూ కర్పూరం బిళ్ళలు పెట్టాడు. వాటిని అది ఆడుకునే గోళీలనుకుని గోడౌనంతా దొర్లించింది.

కొన్నాళ్ళకి సున్నుండలో మార్పు వచ్చింది. తాతారావు చెప్పుల చప్పుడు వినబడితే చాలు, సోఫా ఉన్న వైపే ఉండేది కాదు. కంచం దగ్గరికి పెరుగన్నం కోసం రావడం కూడా మానేసింది.

“చూశావా తాయారూ? భయం ఉంటే అదే దారికొస్తుంది” అన్నాడు తాతారావు మీసం దువ్వుకుంటూ.

ఆ వారంలోనే ఒక పెళ్ళికి సోఫాని బయటికి తీయడానికి మనుషులు దాన్ని గోడ దగ్గర నుంచి జరిపారు. వెనక వైపు ముఖమలు జల్లెడలా ఉంది. లోపలి దూది బయటికి వచ్చి వెక్కిరిస్తోంది.

మంగతాయారు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“దారికొచ్చింది కదండీ. మీరున్నప్పుడు మానేసింది. మీరు లేనప్పుడు చేసుకుంటోంది” అంది.

తాతారావుకి నవ్వు రాలేదు. ఆయన ఆ సాయంత్రమే బియ్యం మిల్లు మనిషికి ఫోను చేసి, పిల్లిని తీసుకుపొమ్మని చెప్పాడు. మిల్లులో ఎలుకలు ఎక్కువ, అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. తాము ఒప్పుకున్న మలికిపురం పెళ్ళి పని అయిపోగానే రమ్మన్నాడు తాతారావు.

ఆ మాట విని హైమ మొహం చిన్నబోయింది. “మీ ఇష్టమండి మావయ్యగారూ” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆమె నోట అప్పటికి ఎక్కువగా వినబడేది ఆ ఒక్క మాటే.

మలికిపురం పెళ్ళి పెద్దది. తాతారావు కొత్త షామియానాలన్నీ దానికే ఇస్తానన్నాడు. ముందురోజు వాటిని ఉతికించి, ఇంటి దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య తాళ్ళు కట్టి ఆరేయించాడు. వాసు మనుషుల్ని తీసుకుని వ్యానులో గుంజలు దింపడానికి పోయాడు. మంగతాయారు పక్కవీధిలో పసుపు దంచడానికి పిలిస్తే వెళ్ళింది. తాతారావు వేదిక కొలతలు చూసుకోవడానికి స్కూటరు మీద బయలుదేరుతూ, గుమ్మంలో ఉన్న కోడలిని చూశాడు.

“బట్టలు ఆరుతున్నాయి. వాటి జోలికి పోవద్దు” అన్నాడు.

“సరేనండి” అంది హైమ.

ఆయన కొలతలు చూసుకుంటుండగానే ఆకాశం పడమటి వైపు నల్లబడింది. గాలి లేచింది. కొబ్బరాకులు జుట్టు విరబోసుకుని ఊగాయి. తాతారావు స్కూటరు తిప్పాడు. సగం దారిలో వాన అందుకుంది. జేబులో ఫోను మోగుతున్నట్టు అనిపించింది కానీ, ఆగితే ఆలస్యమవుతుందని ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి దొడ్లో తాళ్ళు తెగి పడి ఉన్నాయి. తెల్లవీ, పసుపువీ, గులాబీరంగువీ, షామియానాలన్నీ బురదలో పొర్లుతున్నాయి. హైమ అరుగు మీద సున్నుండని చంకనెత్తుకుని నిలబడి ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. ఎన్నిసార్లు మెట్టు దిగి మళ్ళీ ఎక్కిందో అరుగు మీది తడి అడుగులే చెబుతున్నాయి.

తాతారావు స్కూటరు స్టాండు కూడా వేయలేదు. అది పక్కకి ఒరిగి పడిపోయింది.

“చూస్తూ నిలబడ్డావా? కళ్ళ ముందు తడిసిపోతుంటే చూస్తూ నిలబడ్డావా!” అని చెయ్యెత్తి దొడ్డి వైపు చూపిస్తూ అరిచాడు.

“ముట్టుకోవద్దన్నారు కదండీ” అంది హైమ. “కిందటిసారి ముట్టుకుంటే రంగులు అంటుకున్నాయి. ఈసారి అన్నీ కొత్తవి. ఏది ముందు తీయాలో, దేని మీద దేన్ని వేయాలో నాకు తెలియదు. మీకు ఫోను చేశానండి. మీరు ఎత్తలేదు.”

తాతారావు ఇంకో కేక వేయడానికి ఊపిరి పీల్చుకున్నాడు. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆ చేతిని చూసి సున్నుండ చెవులు వెనక్కి అణిచి, మొహం హైమ మోచేతిలో దాచుకుంది. అదే క్షణంలో హైమ కూడా కళ్ళు గట్టిగా మూసుకుని తల పక్కకి తిప్పుకుంది.

తాతారావు తన చేతిని తానే చూసుకున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కొట్టినవాడు కాదు. అయినా ఎదురుగా రెండు ప్రాణాలు దెబ్బ పడబోతోందన్నట్టు ముడుచుకుపోయాయి. వాన ఆయన తల మీద నుంచి కారుతూనే ఉంది. పీల్చిన ఊపిరి మెల్లగా బయటికి వచ్చేసింది.

చెయ్యి దించాడు.

“వాన వస్తే ఏం చేయాలో నేను నీకు చెప్పలేదు” అన్నాడు. “నిజమే. ఏం చేయకూడదో చెప్పాను, అంతే.”

హైమ కళ్ళు తెరిచింది. మావయ్యగారి గొంతు అలా ఉండగా ఆమె ఎప్పుడూ వినలేదు.

“ఇప్పుడు చెబుతాను. సున్నుండని లోపల పెట్టి రా అమ్మా” అన్నాడు తాతారావు.

వాన వెలిసింది. ఇద్దరూ దొడ్లోకి దిగారు. హైమ ఒక షామియానా అంచు పట్టుకుని బురదని రెండు చేతులా రుద్దబోయింది.

“రుద్ద వ…” అని తాతారావు సగంలో నాలుక కరుచుకున్నాడు. ఒక్క క్షణం ఆలోచించుకున్నాడు. ఇంకో మాట వెతుక్కోవడం ఆయనకి బరువైన గుంజ ఎత్తినంత కష్టమైంది. “ముందు నీళ్ళు ధారగా పోయి. బురద దానంతట అదే జారిపోతుంది. ఆ తర్వాత సబ్బు పెడదాం. రుద్దితే లోపలికి ఇంకుతుంది.”

హైమ గొట్టం తెచ్చి ధారగా నీళ్ళు వదిలింది. బురద పాయలు పాయలుగా జారిపోయి కింద తెల్లటి గుడ్డ తేలింది. ఆమె మొహం విప్పారింది.

“తెల్లవన్నీ ఇటు. రంగువి అటు. ఎర్రది ఎప్పుడూ ఒంటరిగానే ఉండాలి, దానికి ఎవరితోనూ పడదు” అన్నాడు తాతారావు. “పిండేటప్పుడు ఇలా కుట్టు వెంబడి పట్టుకో. అప్పుడు గుడ్డ సాగదు.”

ఒకసారి చూపించినది ఆమె రెండోసారి అడగలేదు. ఇంకాసేపటికి ఆయన చెప్పకముందే రంగులు విడదీసి పెడుతోంది. మంగతాయారు పసుపు చేతులతో తిరిగి వచ్చి, మామా కోడళ్ళు చెరో కొసా పట్టుకుని షామియానా పిండుతుంటే చూసి, అరుగు మీదే ఆగిపోయింది.

“ఉతకడం సరే, తెల్లారేలోగా ఇవి ఆరేదెలా?” అన్నాడు తాతారావు ఆకాశం వైపు చూస్తూ.

హైమ ఏదో అనబోయి ఆగిపోయింది.

“ఏమిటమ్మా? చెప్పు” అన్నాడు.

“గోడౌనులో తాళ్ళు కట్టి… మనం అద్దెకిచ్చే స్టాండు ఫ్యాన్లున్నాయి కదండీ. అన్నీ ఒకేసారి పెడితే?”

తాతారావు నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. కానీ ఆ మాట వెనక్కి వెళ్ళిపోయింది. అంత తేలికైన ఉపాయం ఇన్నేళ్ళలో తనకెందుకు తోచలేదా అనుకున్నాడు.

“పెట్టు” అన్నాడు.

ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగేసరికి గోడౌను ఓడలా హోరెత్తింది. షామియానాలు తెరచాపల్లా ఉబ్బాయి. అవి ఆరేలోగా హైమ సూదీ దారం తెచ్చుకుని, సోఫా పక్కన చిరిగినచోట మంగతాయారు పాత చీర జరీ అంచు కుట్టింది. చూసినవాళ్ళు అది కావాలని పెట్టించిన సొగసే అనుకునేలా కుదిరింది. వెనకవైపు జల్లెడకి మాత్రం ఆ రోజుకి తెర అడ్డం పెట్టుకున్నారు. మలికిపురం పెళ్ళి ఏ లోటూ లేకుండా జరిగిపోయింది.

పెళ్ళయిన మర్నాడు మిల్లు మనిషి గోనెసంచి పట్టుకుని వచ్చాడు. హైమ సున్నుండని ఒళ్ళో పెట్టుకుని, తల నిమురుతూ కూర్చుంది. తాతారావు సంచినీ పిల్లినీ మార్చి మార్చి చూశాడు.

“ఏమీ అనుకోకు. ఇప్పుడు ఇవ్వలేను” అన్నాడు.

“అదేంటండీ! సోఫా పాడుచేస్తోందని మీరే కదా రమ్మన్నారు?”

“అన్నాను. కానీ దానికి నేను ఇంకా ఏమీ నేర్పలేదు. నేర్పాక కూడా వినకపోతే అప్పుడు చూద్దాం.”

“పిల్లికి నేర్పుతారా?” అని నవ్వుకుంటూ మిల్లు మనిషి సంచి మడత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం తాతారావు గోడౌనులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన సున్నుండని తరిమాడే కానీ, అదేం చేస్తోందో ఒక్కసారైనా తీరిగ్గా చూడలేదు. మొదట అది ఆయన్ని చూసి గుండిగ వెనక్కి పోయింది. ఆయన కదలకుండా కూర్చునేసరికి మెల్లగా బయటికి వచ్చి, తివాచీ చుట్ట మీద పడుకుని నిద్రపోయింది. లేచాక ఆవులించింది. నేరుగా సోఫా దగ్గరికి నడిచి, వెనకకాళ్ళ మీద నిలబడి ఒళ్ళు విరుచుకుని, గోళ్ళు దించి బరకడం మొదలుపెట్టింది.

తాతారావు అరవలేదు. పళ్ళు బిగబట్టి చూస్తూ కూర్చున్నాడు. పక్కనే ఉన్న ప్లాస్టిక్ కుర్చీల జోలికి అది పోలేదు. ఇనపబల్ల జోలికీ పోలేదు. నిలువుగా ఉండాలి, గోరు దిగాలి, ఒళ్ళు చాచి లాగినా కదలకూడదు. దానికి కావలసింది అంతే.

“నామీద కోపంతో చేయడం లేదమ్మా ఇది” అన్నాడు గుమ్మంలోకి వచ్చిన హైమతో, పెద్ద విషయం కనిపెట్టినవాడిలా. “నిద్ర లేచాక మనం ఒళ్ళు విరుచుకోమూ? ఇదీ అంతే. దీన్ని మానమంటే ఎలా మానుతుంది? ఎక్కడో ఒకచోట చేసుకోవాలి కదా!”

ఆ ఇంట్లో గుంజలకీ కొబ్బరితాళ్ళకీ కొదవేముంది? తాతారావు పగిలిన పందిరి గుంజ ఒకటి తీసి, సగానికి కోసి, పాత బల్లచెక్క మీద నిలబెట్టి మేకులు కొట్టాడు. గట్టిగా ఊపి చూశాడు, కదల్లేదు. హైమ తాడు పట్టుకుంది. ఆయన గుంజ చుట్టూ తిప్పుతూ కింద నుంచి పై దాకా దగ్గర దగ్గరగా చుట్టాడు. అయ్యాక దాన్ని మోసుకెళ్ళి గోడౌను వెనక మూల, ఎవరికీ అడ్డం లేని చోట పెట్టాడు.

సున్నుండ దాని మొహం కూడా చూడలేదు. నిద్ర లేచి, సోఫా దగ్గరికే వెళ్ళింది.

తాతారావుకి ఉసూరుమనిపించింది. ఇదివరకటి తాతారావు అయితే గుంజని బయటికి విసిరేసేవాడు. ఈ తాతారావు కోడలి వైపు తిరిగాడు.

“నువ్వేమంటావు?” అన్నాడు.

ఆయన నోట ఆ ప్రశ్న విని హైమ ఒక్క నిమిషం తడబడింది. తర్వాత అంది, “దాన్ని మనకి వీలైన చోట పెట్టామండి. దానికి వీలైన చోట పెట్టలేదు. అది లేచి వచ్చేది ఇటే కదా!”

గుంజని తెచ్చి సోఫా పక్కనే ఆనించి పెట్టారు. సోఫాకి నున్నటి ప్లాస్టిక్ పట్టా కప్పారు. సున్నుండ లేచి వచ్చి పట్టా మీద గోళ్ళు వేసింది. జారిపోయాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ జారాయి. తాతారావు దారం ముక్క ఒకటి గుంజ మీద పాములా పాకించాడు. సున్నుండ దానికోసం ఎగిరి గుంజని కౌగిలించుకుంది. గోళ్ళు తాడులో దిగాయి. అది ఆగింది. ఒకసారి లాగి చూసింది. కళ్ళు సగం మూసుకుంది. ఆ తర్వాత పీచు రేగేలా బరికింది.

“అద్గదీ! భేష్!” అని తాతారావు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టబోయి, అది బెదురుతుందని చేతులు ఆపుకున్నాడు. మంగతాయారుని అడిగి ఎండుచేప ముక్క తెచ్చి దాని ముందు పెట్టాడు.

ఒక్కరోజులో అంతా అయిపోలేదు. సున్నుండ మరిచిపోయి సోఫా ఎక్కినప్పుడల్లా తాతారావు గొంతులోకి పాత మాట వచ్చేది. దాన్ని మింగి, పిల్లిని మెత్తగా ఎత్తి గుంజ దగ్గర దింపి, “ఇదిగో తల్లీ, ఇక్కడ గీరుకో” అనేవాడు. వాసు ఇది చూసి నాన్నకి ఒంట్లో బాగోలేదేమోనని తల్లిని అడిగాడు. పోనుపోను పట్టా తీసేసినా సున్నుండ గుంజ దగ్గరికే వెళ్ళింది. మంగతాయారు కూరగాయల బుట్టని మాత్రం అది ఎవరెన్ని చెప్పినా వదల్లేదు. ఆవిడ కొన్నాళ్ళు చూసి, ఆ బుట్ట దానికే ఇచ్చేసి ఇంకోటి కొనుక్కుంది.

కంచం దగ్గరికి పెరుగన్నం కోసం సున్నుండ మళ్ళీ వచ్చిన రోజున తాతారావు ఒక ముద్దకి రెండు ముద్దలు కలిపి పెట్టాడు.

హైమ గోడౌనులోకి మళ్ళీ అడుగుపెట్టింది. తాతారావు ఆమెకి పరదాల మడతలు చూపించాడు, ఫోనులో బేరం మాట్లాడే పద్ధతి చూపించాడు, ఎంత ఇంటికి ఎన్ని గుంజలు పడతాయో చూపించాడు. ఆ వానాకాలంలో ఆయనకి జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు, ఒక గృహప్రవేశం పందిరంతా ఆమే నిలబడి వేయించింది. ఆయన మంచం మీద పడుకుని ఫోను పక్కన పెట్టుకుని ఎదురుచూశాడు. ఒక్కసారి కూడా మోగలేదు. సాయంత్రం ఆ ఇంటివాళ్ళే పలకరించడానికి వచ్చి, “మీ కోడలు మీకన్నా బాగా వేయించిందండోయ్” అని ఆట పట్టించారు. ఆ పూట తాతారావు జ్వరం తగ్గినట్టే లేచి కూర్చుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

జ్వరం నుంచి లేచాక ఒకరోజు భార్యాభర్తలిద్దరు చెల్లెలి పెళ్ళికి సామాన్లు చూసుకోవడానికి వచ్చారు. వాళ్ళ చిన్న కూతురు ఎర్ర సోఫాని చూడగానే చెప్పులతోనే పైకెక్కి ఎగరడం మొదలుపెట్టింది. తల్లి గాభరాపడి, “దిగు! దిగు! వద్దని చెప్పానా!” అని అరిచింది. పిల్ల ఇంకాస్త ఎత్తుకి ఎగిరింది.

పందిరి మనుషులు పని ఆపి తాతారావు మొహం చూశారు. ఆయన సోఫా దగ్గరికి వెళ్ళి పిల్ల ముందు వంగాడు.

“ఎగరడానికి ఇదేం బాగుంటుందమ్మా? నీకు మంచి చోటు చూపిస్తాను, రా” అని చెయ్యి చాచాడు.

గోడౌను మూల అద్దెకిచ్చే పరుపులు గుట్టగా పేర్చి ఉన్నాయి. పిల్ల చెప్పులు విప్పించి, ఎత్తి వాటి మీద నిలబెట్టాడు. ఆ పిల్ల ఒక్క గెంతు గెంతి, పరుపుల్లో మునిగి, పకపకా నవ్వింది. తల్లిదండ్రులు సామాన్లన్నీ చూసుకుని, బేరం ముగించుకున్నా కూడా ఆ నవ్వు ఆగలేదు. ఆ పిల్ల సోఫా వైపు మళ్ళీ వెళ్ళనూ లేదు.

“మీకు ఎంత ఓర్పండీ!” అంది తల్లి ఆశ్చర్యంగా.

ఆ మాటకి వెనక హైమ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతారావు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

నీతి: వద్దని అరిచినంత మాత్రాన ఎవరికీ ఏదీ నేర్పినట్టు కాదు; ఏం చేయాలో, ఎక్కడ చేయాలో ఓర్పుగా చూపించినప్పుడే పిల్లికూనైనా, మనిషైనా నేర్చుకునేది.